వదిన తన ఇల్లు తానే బేరమాడిన రోజు

మా వదిన బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఆమె గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆమె "జరగండి" అంటే పక్కింటివాళ్లు తమ ఇంట్లో తాము జరిగేవారు.

అన్నయ్య పోయాక మూడో అంతస్తు ఫ్లాట్లో ఒక్కతే ఉంటోంది. లిఫ్టు లేదు. మోకాళ్లు మొరాయించాయి. కూరగాయల సంచితో మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడేది. వెనకవీధిలో మెట్లు లేని చిన్న ఇల్లొకటి నచ్చింది. దాని యజమాని నెలాఖరుదాకా ఆగుతానన్నాడు. ఈలోగా ఫ్లాటు అమ్ముడుపోకపోతే ఆ ఇల్లు చేజారినట్టే.

ఫ్లాటు అమ్మిపెట్టే బ్రోకరుకొక పద్ధతి ఉంది. ఏ ఇంటికైనా ఒకేసారి రెండు పార్టీలను రప్పిస్తాడు. పక్కన ఇంకొకడు చూస్తుంటే పెచ్చులూడిన గోడ కూడా ముద్దొస్తుందని ఆయన సిద్ధాంతం. ఆ ఆదివారం ఒక పడుచు జంట బయల్దేరామని ఫోన్ చేసింది. రెండో పార్టీ ఎగ్గొట్టింది. బ్రోకరు హాల్లో గుండ్రంగా తిరిగి వదిన ముందు ఆగాడు.

"అమ్మా, మీరే రెండో పార్టీ."

"నా ఇల్లు నేను కొనుక్కోవాలా?"

"కొనక్కర్లేదు. ఆశపడితే చాలు."

"మరి అమ్మేదెవరు?"

ఇద్దరూ నావైపు చూశారు. మూల కుర్చీలో చదువుతున్న పేజీలో వేలుంచి, నేను యజమానినయ్యాను.

"మా మరిదా? ఆయనకి వంటిల్లు ఎటువైపుందో కూడా తెలీదు."

"మగ యజమానులకి తెలీదులెండి. ఎవరూ అనుమానించరు."

వదిన బ్యాగు తగిలించుకుని పై మెట్ల మీద నక్కింది. జంట లోపలికొచ్చాక తన ఇంటి బెల్లు తానే నొక్కింది. తలుపు తీస్తే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నాకు "నమస్కారమండీ" అంది. నవ్వు ఆపుకోలేక దగ్గాను.

ఆ అమ్మాయి వంటగది చూసి, "ఇరుకు కదూ," అంది మొగుడితో.

"ఇరుకేంటి? నలుగురు నిలబడొచ్చు. ఐదోవాడు వేలాడాలి," అనేసింది వదిన. బ్రోకరు కళ్లు తేలేశాడు. వదిన సర్దుకుని నామీద పడింది. "ఏమండీ పెద్దమనిషీ, ఎండాకాలం పడమటి గది పెనంలా కాలుతుందిగా, ధర తగ్గించరా?"

"కాలదు," అన్నాను పౌరుషంగా.

"కాలుతుంది. నాకు తెలుసు."

ఇంతలో ఆ అమ్మాయి బాత్‌రూమ్ చూడబోయి లోపల గడియ పెట్టుకుంది. కాసేపటికి టకటక చప్పుడు. "తలుపు రావట్లేదండీ."

మొగుడు బయటినుంచి లాగాడు. బ్రోకరు గుద్దాడు. తర్వాత అందరూ యజమానినైన నన్ను చూశారు. "ఇంకాస్త గట్టిగా లాగండి," అన్నాను. లోపల ఆ పిల్ల తలుపు బాదడం మొదలెట్టింది. వదిన పెదవి కదిపేలోగా బ్రోకరు వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె బ్యాగు పట్టీని ఒక్క క్షణం నలిపి, అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అమ్మాయ్, కంగారుపడకు. గడియ పైకెత్తి పట్టుకుని, కింది మూల కాలితో ఒక్కటి తన్ను. నేను రోజూ తన్నేదే."

తలుపు తెరుచుకుంది.

"ఇల్లు మీదా?" అంది బయటికొచ్చిన అమ్మాయి.

"నాదే."

"మరీయనెవరు?"

"మా మరిది. ఆయనకి సొంతమంటూ ఉన్నది కళ్లజోడొక్కటే."

జంట చెప్పులేసుకుని దిగి వెళ్లిపోయింది.

"కొంప ముంచారమ్మా," అన్నాడు బ్రోకరు.

"ఏం, పిల్లని లోపలే ఉంచి అమ్ముతావా?" అంది గానీ, ఆయన వెళ్లాక మోకాళ్లు నిమురుకుంటూ, "ఆ ఇల్లు పోయినట్టే మరిదీ," అంది మెల్లగా.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. "మీకు అబద్ధమాడటం చేతకాదండీ. ఇంకేం లోపాలున్నాయో చెప్పండి."

వదిన స్టాపులు పిలిచినట్టు పిలిచింది. కారే సింకు, మూసుకోని కిటికీ, పైవాళ్లు కుర్చీలీడ్చే రొద. ఆ అమ్మాయి ఒక్కోచోటికీ వెళ్లి చూసొచ్చింది.

"ఇంతేనా? మేమిప్పుడుండే అద్దెకొంపలో ఇవన్నీ ఉన్నాయి. పైగా ఓనరు కూడా ఉన్నాడు."

బేరం అక్కడికక్కడే కుదిరింది. ఇదంతా తన పద్ధతి మహిమేనని బ్రోకరు వీధంతా చెప్పుకున్నాడు. ఒప్పందం రాసుకున్న రోజు ఆ కుర్రాడు వదినని అడిగాడు.

"ఆవేళ మీరు నోరు మెదపకపోతే ఏమయ్యేదండీ?"

"ఏమయ్యేది, మీ ఆవిడ ఇంకా అందులోనే ఉండేది."