పదకొండో శనివారం ఆలుగడ్డలు

మా ఇంట్లో ఆలుగడ్డకు కత్తి తగిలేది కాదు. అమ్మ వాటిని తొక్కతోనే ఉడకబెట్టి, చెయ్యి కాలుతున్నా వేడి మీదే తొక్క ఒలిచి, వేళ్లతో విరిచి పోపులో వేసేది. విరిగిన చోట గరుకుగా ఉంటుంది, కారం అక్కడే పట్టుకుంటుంది అనేది. ఎదురు వాటాలో ఖాలా పద్ధతి వేరు. పచ్చి ఆలుగడ్డను రెండు చెక్కలు చేసి, నూనెలో ఎర్రగా వేయించి, ఉల్లిగడ్డ, పెరుగు, లవంగం వేసిన చిక్కని సాలన్‌లో సన్నని మంట మీద వదిలేసేది. అన్నంలో కలుపుకుంటే ముక్క పైన గట్టిగా, లోపల వెన్నలా ఉండేది. మధురానగర్‌లో ఒకే మెట్ల మీద ఎదురెదురుగా పద్నాలుగేళ్లు ఉన్నాం. ఆమె మా అందరికీ ఖాలా, అంటే పిన్ని. అమ్మను ఆమె అక్కా అని పిలిచేది.

వాళ్లింట్లో ఆలుగడ్డ ఎప్పుడూ మాంసంతోనే ఉడికేది. శనివారం అమ్మ మాంసం ముట్టదు. అందుకని ఆ రోజు ఖాలా ముందు ఆలుగడ్డలు వేరే గిన్నెలో వండి మా ఇంటికి పంపించి, ఆ తర్వాతే మాంసం పొయ్యి మీద పెట్టేది. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన సంగతిగా ఎవరికీ తోచలేదు.

ఒక ఏడాది నాన్నకు గుండెనొప్పి వచ్చింది. పంజాగుట్టలోని ఆస్పత్రి వాళ్లు బైపాస్ చెయ్యాలన్నారు. అమ్మ వెంకన్నకు మొక్కుకుంది. పదకొండు శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. మధ్యాహ్నం ఒక్కసారే తింటుంది, నీసు దరిదాపులకు పోదు. ఆయన మాత్రం తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికి రావాలి. పది శనివారాలు గడిచాయి. డాక్టర్లు ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ సరిగ్గా పదకొండో శనివారం పడింది. ఆ మాట విన్నప్పుడు అమ్మ ముఖంలో భయం సగం తగ్గింది.

పొద్దున ఎనిమిదింటికి నాన్నను లోపలికి తీసుకుపోయారు. అయిదారు గంటలు పడుతుందన్నారు. అమ్మ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని తలుపునే చూస్తూ ఉంది. ముందు రోజు రాత్రి కూడా ఏమీ తినలేదు. పన్నెండు కావస్తుంటే కళ్లు తిరుగుతున్నాయంది. తినడానికి ఏమన్నా తెస్తానన్నాను.

"ఖాలా పంపిస్తనన్నది. గా ఆలుగడ్డలే తే. వేరేది వద్దు."

ఆటో మైత్రీవనం దగ్గర ఇరుక్కుపోయింది. కంప్యూటర్ కోర్సుల ప్రకటన కాగితాలు పంచేవాళ్లు ఆటోలోకి చేతులు పెట్టి నా ఒడిలో రెండు పడేశారు. ఆ రోజుల్లో ఊళ్లన్నీ ఖాళీ అయి పిల్లలంతా అక్కడికే వచ్చినట్టుండేది. ఇల్లు చేరేసరికి ఖాలా లేదు. నాన్న కోసం దర్గాకు పోయిందట. నెల కిందటే జహీరాబాద్ నుంచి వచ్చిన వాళ్ల కోడలు తలుపు తీసింది. ఖాలా ఆమెను దుల్హన్, అంటే పెళ్లికూతురు, అని పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఇంటర్ చదివిన పిల్ల, తెలుగు బాగా వచ్చు.

"అమ్మకు గోష్త్ వద్దని మా అత్తమ్మ చెప్పి పోయింది అన్నా. ఒక్క ముక్క సుత లేదు, చూసి పెట్టిన" అంటూ టిఫిన్ డబ్బా చేతికిచ్చింది.

ఆ మాటలో తేడా నాకు ఆ క్షణాన తట్టలేదు. డబ్బా పట్టుకుని వెనక్కి పరుగెత్తాను.

దుల్హన్ వండి ఇచ్చిందని చెప్పాను. అమ్మ మెట్ల దగ్గర గోడకానుకుని కూర్చుని తింది. మొదటి ముద్ద మెల్లగా, తర్వాత ఆకలి తెలిసినట్టు గబగబా. "ఇయ్యాల మస్తుగున్నయ్. దుల్హన్ చెయ్యి మంచిగుంది" అంది. చాలా రోజుల తర్వాత ఆమె ఇష్టంగా తినడం చూశాను. నాకూ ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడు, ఆఫీసు వాళ్లిచ్చిన సెల్‌ఫోన్ మోగింది. ఖాలా.

"బేటా, దర్గా నుంచి ఇప్పుడే ఇంటికొచ్చిన. అక్క తిన్నదా? తినొద్దను. దుల్హన్ గోష్త్‌ల కెల్లి ఆలుగడ్డలు ఏరి పంపింది. ముక్కలు తీసేస్తె అయిపాయె అనుకున్నది. నాదే తప్పు, నేనే సరిగ్గ చెప్పలె. తిన్నదా?"

అమ్మ డబ్బా అడుగున ఉన్న సాలన్‌ను అన్నంతో తుడుచుకుంటోంది. ఖాలా గొంతు వణుకుతోంది.

"ఇంకా తినలేదు ఖాలా" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. ఆమె గొంతు వినలేకపోయాను, అది ఒకటి. లోపల నాన్న గుండె తెరిచి ఉంది. ఆయనకు ఏమన్నా అయితే అమ్మ బతికినంత కాలం ఆ డబ్బానే తలుచుకుంటుంది. ఆ పిల్ల ముఖం మళ్లీ చూడలేకపోతుంది. ఎదురు తలుపు మూసుకుపోతుంది. ఈ ఒక్క మాట నాలోనే ఉండిపోతే ఎవరికీ ఏమీ కాదనుకున్నాను.

"అల్లా దయ" అంది ఖాలా. "జర ఆపు బేటా. నేను కొత్తగ వండుకొని వస్తున్న. అరగంట."

వద్దన్నాను. ఆస్పత్రిలో లోపలికి రానివ్వరన్నాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది.

డబ్బాను కుళాయి కింద మూడుసార్లు కడిగాను. లవంగం వాసన పోలేదు. అమ్మ పక్కన వచ్చి కూర్చున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, దేవుడి పేరు జపిస్తోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్లం. ఎవరో నర్సు, ఎవరో వార్డుబాయ్. నేను ఒక కన్ను తలుపు మీద, ఒక కన్ను మెట్ల మీద వేసి కూర్చున్నాను. ఖాలా కనబడగానే ఎదురెళ్లి, కింద నుంచే పంపించెయ్యాలని నా ఆలోచన. రెండు దాటింది. ఒక నర్సు వచ్చి ఏదో కాగితం మీద సంతకం అడిగింది. సంతకం పెట్టి తల ఎత్తేసరికి ఖాలా, దుల్హన్ లిఫ్టులో నుంచి దిగి అమ్మ ముందు నిలబడి ఉన్నారు. ఖాలా చేతిలో ఇంకో డబ్బా, పొగలు కక్కుతోంది.

"తిను అక్కా. ఆలస్యమైంది."

"మళ్ల ఎందుకు తెచ్చినవ్? ఇప్పుడే కడుపు నిండ తింటి గద" అంది అమ్మ.

ఖాలా నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఏదో ఒకటి చెప్పడానికి నోరు తెరిచాను గానీ దుల్హన్ ముందే అందుకుంది.

"అమ్మా, నేను తప్పు చేసిన. గోష్త్‌ల ఉడికినయే ఏరి పంపిన. ముక్క లేకుంటె చాలనుకున్న. మా ఇంట్ల ఇట్ల ఎవ్వరికీ వండలె, నాకు తెల్వదు."

అమ్మ లేచి కుళాయి దగ్గరకు పోయింది. నోరు పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. ఆ నీళ్ల చప్పుడు తప్ప ఆ వరండాలో నాకేమీ వినబడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి దుల్హన్ ఎదురుగా నిలబడింది. ఆ పిల్ల వెనక్కి జరిగింది.

"నీకు ఎవ్వరు చెప్పలె బిడ్డా. నువ్వేం జేస్తవ్? కూసో."

తర్వాత నా వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు తింటున్నప్పుడు. ఖాలా ఫోన్ చేసింది."

"తింటున్నప్పుడు" అంది అమ్మ. "ఆపకపోతివి. గంట నా పక్కనే కూసుంటివి. ఆయన లోపల ఉండంగ, నేను దేవునికి తప్పైందని చెప్పుకుందు గద. మళ్ల మొక్కుకుందు గద. గంట పోగొట్టినవ్."

నేనలా ఆలోచించలేదు. నా దృష్టిలో ఆమెకు తెలియకపోవడమే రక్ష. ఆమె దృష్టిలో తప్పు తెలిస్తే దిద్దుకోవడానికి దారి ఉంటుంది, తెలియనివ్వకపోతే అదీ ఉండదు.

"వానిని ఏమనకు అక్కా, నా కోసమే దాచిండు" అంది ఖాలా.

"నీ కోసమైతె నీకన్న చెప్పాలె గద. నీకు సుత అబద్ధమే చెప్పె."

ముగ్గురు ఆడవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నాకు చోటు లేదు, ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు. అమ్మ కళ్లు మూసుకుని, ఇంకో పదకొండు వారాలు మొదటి నుంచి ఒక్కపొద్దు ఉంటానని పైకే మొక్కుకుంది. మూడవుతుంటే డాక్టర్ బయటికి వచ్చాడు. గుండె బాగానే కొట్టుకుంటోందనీ రేపటిదాకా ఐసీయూలో ఉంచుతామనీ చెప్పాడు. అమ్మ ఆయన మాట విని, దుల్హన్ వైపు తిరిగి, "ఏమన్నడు, మళ్ల చెప్పు" అంది. నేను పక్కనే ఉన్నాను. దుల్హన్ మెల్లగా, ఒక్కో మాటా అప్పజెప్పింది. అప్పుడు గానీ అమ్మ ఏడవలేదు.

నాన్న పది రోజుల తర్వాత నడిచే ఇంటికి వచ్చాడు. కొత్త పదకొండు శనివారాలూ దుల్హన్ మా వంటింటికే వచ్చి మా పొయ్యి మీద ఆలుగడ్డలు వండేది. అమ్మ పీట మీద కూర్చుని చూసేది. చెక్కలు చెయ్యొద్దు, విరువు అనేది. ఆ పిల్ల ఉడికిన ఆలుగడ్డను విరిచి, నూనెలో ఎర్రగా వేయించి, పెరుగు సాలన్‌లో వేసేది. అది వాళ్ల వంటా కాదు, మా వంటా కాదు. నాన్న రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు. ఆ కూర ఇప్పుడు మా పిల్లలు కూడా అలాగే వండుతారు.

మూడు నెలలకోసారి నాన్న రిపోర్టులు వచ్చేవి. కవరు విప్పి, చదివి, అంతా బాగుందని అమ్మకు చెప్పేవాణ్ణి. ఆమె తల ఊపి, కాగితాలు నా చేతిలో నుంచి తీసుకుని, చెప్పులు వేసుకుని ఎదురింటికి పోయేది. దుల్హన్ వరసగా చదివి వినిపించేది. అమ్మ తిరిగొచ్చి స్టవ్ వెలిగించేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"నేను చెప్పింది కూడా అదే కదమ్మా."

"నువ్వు చెప్తవ్ బిడ్డా" అంది, ఆలుగడ్డలు కుక్కర్లో వేస్తూ. "నువ్వు అన్నీ మంచిగనే చెప్తవ్."