ఎడమ కాలి కడియం

దోరసముద్రంలో మా వీధి చివరింట్లో హొన్నవ్వె ఉండేది. దేవుడి ముందు ఏనాడూ భర్త పేరు ఎత్తేది కాదు. రాజు చల్లగా ఉండాలనే మొక్కేది. ఆమె మగడు మసణయ్య రాజుకు గరుడుడు, అంటే ప్రాణం ముడిపెట్టుకున్న అంగరక్షకుడు. ఒట్టు వేసి ఎడమ కాలికి కడియం బిగించుకున్న గరుడుడు, రాజు పోయిన రోజే తన తల తాను తెగవేసుకోవాలి. తను ఎన్నడూ చూడని ఆ రాజు ఒంట్లో హొన్నవ్వె ప్రాణం ఉండేది. దండు కదిలితే ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు దేవగిరి సేనతో పోరులో రాజు పక్కటెముకల్లో బాణం దిగింది. పల్లకీలో కోటకు తెచ్చారు. వెనక బండిలో వచ్చిన మసణయ్య కుంటుతూ ఇల్లు చేరాడు. బోసిగా ఉన్న ఎడమ కాలు చూసి హొన్నవ్వె గుమ్మంలోనే ఆగిపోయింది. ఒట్టు తప్పి కడియం తీసేశాడనుకుంది. ఆమెకు సిగ్గు కంటే ముందు సంతోషం వచ్చింది.

"ఈటె తగిలింది. కాలు వాచిపోతే వైద్యుడు కడియం కోయించాడు," అన్నాడతను. "మానగానే మళ్లీ బిగించుకోవాలి. అందాకా ఒట్టు అంటదు."

కట్టు ఆమే కట్టేది. వైద్యుడిచ్చిన పసరు సగం పెరట్లో మట్టి తాగేది. పుండు మానలేదు. కోటలో రాజు జ్వరమూ దిగలేదు.

పొరుగింటి కాళవ్వె కోటలో వడ్లు దంచి వస్తూ కబురు తెచ్చేది.

"రాజు జావ తాగాడంట."

"ఎంత?"

"గిన్నె నేను తోమానా అక్కా? ముందు నీ మొగుణ్ణి లేపు. రాజు కంటే వైభోగంగా పడుకున్నాడు."

ఒక మధ్యాహ్నం కట్టు విప్పుతుంటే మసణయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పసరంతా ఎటు పోతోంది?"

ఆమె చూపు పెరటి వైపు పోయింది.

"కాలు కుళ్లితే రాజు కంటే ముందే పోతాను, తెలుసా?"

"తెలుసు. రోజూ వాసన చూస్తున్నాను. మీకు ఆ కడియమంటే భయం లేదా?"

"ఉంది. అందుకే ఇన్నాళ్లూ అడగలేదు."

ఆమె మిగిలిన పసరంతా దాని మీద పోసింది.

వాపు దిగింది. కంసాలి వచ్చి కడియం అతికేసరికి రాజుకు ఇంకా జ్వరమే. ఆ వారమంతా వీధిలో ఎవరు గట్టిగా నడిచినా హొన్నవ్వె ఉలిక్కిపడేది. చివరికి కాళవ్వె పరుగున వచ్చింది.

"ఇక నవ్వవే అక్కా. రాజు లేచి గుర్రమెక్కాడు."

"ఆ గుర్రం నెమ్మదైనదేనా?" అంది హొన్నవ్వె.