డ్రైవర్ ఫైళ్ళు డిలీట్ చేసిన రోజు

ఇవాళ కెనడాలోని కిచెనర్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో పాత కంప్యూటర్ ఆన్ చేస్తే, ప్రింటర్ పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు కనిపించింది. ప్రింటర్‌ను నడిపించే డ్రైవర్ ఫైళ్ళు లేవట. ఈ వయసులోనూ గుండె ఝల్లుమంది.

మీ ఇంట్లోనూ ఉండేవా, కంప్యూటర్‌కు పూల గుడ్డతో కుట్టిన కవరు, చెప్పులు విప్పి రావాలన్న నియమం? మా ముందుగదిలో అమ్మ కంప్యూటర్‌లో టైపు చేసి ప్రింట్లు తీసిచ్చే డీటీపీ పని చేసేది. నాకప్పుడు పదేళ్ళు. గేమ్‌కు చోటు చాలక, పేర్లు అర్థంకాని ఫైళ్ళను డిలీట్ చేసేశాను. ఆ సాయంత్రం ప్రింటర్ కదల్లేదు. మర్నాడు పొద్దున్నే యూనివర్సిటీలో థీసిస్ ఇవ్వాల్సిన లెక్చరర్ గారు ప్రింట్ల కోసం అప్పటికే మా వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఇంకెంతసేపమ్మా?" అని ఆయన అడిగినప్పుడల్లా, "అయిపోతోందండీ" అంటూ అమ్మ కేబుల్ పీకి మళ్ళీ పెడుతోంది. డ్రైవర్ సీడీ కోసం బీరువా అంతా వెతికింది. తలుపు చాటున నిలబడి అంతా చూస్తున్నాను. చివరికి ఏడుస్తూ వెళ్ళి చెప్పాను.

"అమ్మా, నేనే ఏవో తీసేశాను."

అమ్మ కొట్టలేదు. "ఎక్కడివి తీశావో చూపించు" అంది.

రీసైకిల్ బిన్‌లో అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే రీస్టోర్ చేసి, కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాం. అమ్మ మళ్ళీ ప్రింట్ ఇచ్చింది. ప్రింటర్ గరగరమంటూ మొదటి కాగితాన్ని బయటికి తోసింది.

అప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి చల్లగా, చెమటతో తడిగా ఉంది.

"నాకూ భయమేసిందే" అంది, వరండాలోకి వినపడకుండా.