పులుసుకు తగినన్ని పుస్తకాలు

పంతొమ్మిది వందల యాభైల్లో, పెళ్లైన కొత్తలో మద్రాసు వ్యాసర్పాడిలో మా కాపురం. మావారికి వంట పుస్తకాల పిచ్చి. పాతవీ కొత్తవీ కొనుక్కొచ్చి, వాలుకుర్చీలో కూర్చుని "ఉప్పు తగినంత" అని చదివి వినిపించేవారు. ఆ తగినంత ఎంతో కనుక్కునే భాగ్యం మాత్రం నాది.

ఒక ముసురు రోజున వాళ్ల ఆఫీసరుని భోజనానికి పిలిచారు. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోలేదు. నేను ఊదలేక ఏడుస్తుంటే, మా అత్త నిదానంగా పోయి కొడుకు పుస్తకాల అలమర తెరిచింది. కాసేపటికి పొయ్యి భగ్గుమంది.

ఆఫీసరు పులుసు జుర్రుకుంటూ, "బ్రహ్మాండం! ఇది ఏ పుస్తకంలోదమ్మా?" అన్నారు. మావారు గర్వంగా నావైపు చూశారు.

"ఒక్కదానికి ఉడకలా నాయనా, మూడు పట్టినాయి" అంది అత్త.

మావారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పుస్తకాల వల్ల మా వంటకి మేలు జరగడం నేను చూసింది ఆ ఒక్కరోజే.