ప్లాట్‌ఫారం మీద విప్పిన పింగాణీ పెట్టె

1959లో నన్ను ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి దగ్గరగా ఉన్న ఒక చిన్న రైల్వే స్టేషన్‌కు పార్సిల్ గుమాస్తాగా వేశారు. ఆ ఊరి పేరు చెప్పను. పత్తి బేళ్లు పంపించడం, వచ్చిన పార్సిళ్లు అప్పగించడం నా పని.

వాటిలో నేను ఎదురుచూసేవి జిన్నింగ్ మిల్లు యజమాని విఠల్‌రావుకు బొంబాయి నుంచి వచ్చే పెట్టెలు. వాటిలో పింగాణీతో చేసిన పిల్లల అర్ధవిగ్రహాలు ఉండేవి. తల, మెడ, భుజాలు, అంతే. మూతి ముడిచినవాళ్లు, ముందుపళ్లు ఊడినవాళ్లు, నిద్రపోతున్నవాళ్లు. ఆయనకు సంతానం లేదు. పెట్టె కోసం వచ్చినప్పుడల్లా నా బల్ల దగ్గర కూర్చుని, అద్దాల బీరువాలో ఎవరి పక్కన ఎవరిని పెట్టాడో చెప్పేవాడు. "గీ పోరి మస్తు మొండిది సార్, మొకం జూస్తెనే ఎర్కయితది," అని మురిసిపోయేవాడు. మిల్లులో ఆయనంటే అందరికీ హడల్. అలాంటి మనిషి నాతో ఇవన్నీ చెబుతున్నాడని నాకు లోపల గర్వంగా ఉండేది.

ఒకసారి వచ్చిన పెట్టెను కదిపితే గలగలమంది. అలాంటప్పుడు ఓపెన్ డెలివరీ ఇవ్వాలి. అంటే రైల్వే ఇన్‌స్పెక్టర్ వచ్చి, సొంతదారు ఎదుట, సాక్షుల ముందు పెట్టె విప్పించి నష్టం రాసివ్వాలి. ఆ రోజు విఠల్‌రావు తన భార్య అనసూయాబాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పార్సిల్ గది చీకటిగా ఉందని ఇన్‌స్పెక్టర్ పెట్టెను ప్లాట్‌ఫారం మీదికి తెప్పించాడు. నేను సరేనన్నాను. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్లే వాళ్లూ, మిల్లు కూలీలూ చుట్టూ మూగారు.

ఇన్‌స్పెక్టర్ గడ్డిలోంచి ఒక్కో బొమ్మను తీసి పైకెత్తి చూపించాడు. ముక్కు విరిగినదాన్ని పట్టుకుని, "సేట్, మీ కొడుక్కు దెబ్బ తాకింది. దవాఖానకు తీస్కపోతరా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. కూలీలు కూడా నవ్వారు.

విఠల్‌రావు మొహం మాడిపోయింది. నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "నాకేం ఎరుక? గిది మా ఇంటామె పిచ్చి. పిల్లల్లేరని బొమ్మలు తెప్పిచ్చుకుంటది," అన్నాడు.

అందరి కళ్లూ అనసూయాబాయి మీద పడ్డాయి. చంకన బిడ్డలున్న ఆడవాళ్లు, గొడ్రాలి దిష్టి తగలకుండా బిడ్డల మొహాలకు కొంగు కప్పారు. ఆ పిచ్చి ఎవరిదో నాకు తెలుసు. నోరు విప్పితే ఆయన అబద్ధం బయటపడుతుందని, తల వంచుకుని నష్టం కాగితం రాస్తూ కూర్చున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"అవు సార్, నేనే తెప్పిచ్చుకున్న," అంది ఆవిడ. భర్త ముట్టుకోకపోతే, అంతమంది చూస్తుండగా తనే ఒక్కో బొమ్మనూ మళ్లీ గడ్డిలో సర్దుకుంది.

ఆ తర్వాత ఆయనకు బొంబాయి పెట్టె రాలేదు.

ఓపెన్ డెలివరీకి సాక్షులు ఉండాలంటుంది రూలు. జనం ఉండాలని అనదు. తర్వాత పనిచేసిన ప్రతిచోటా పెట్టెలను గదిలోనే, తలుపు వేసి, లాంతరు వెలుగులో విప్పించాను. ఆ రోజు కూడా గదిలో లాంతరు ఉంది.