మొక్కు మేక చేయని తప్పు

పన్నెండేళ్లుగా ఒక మేక మీద నింద మోపి బతుకుతున్నాను. నవ్వుకోండి. నేనూ చాన్నాళ్లు నవ్వుతూనే మోశాను. తేలికపడుతుందేమో అనుకున్నాను, పడలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు సునీతకు చెప్పరు.

సునీత, నేను నారాయణఖేడ్‌లో డిగ్రీ కలిసి చదివాం. ఇద్దరికీ బొమ్మల పిచ్చి. తేడా ఒక్కటే, ఆమెకు వేయడం వచ్చు. హైదరాబాద్‌లో చిత్రకళ చదవాలనుకుంది. సీటు కోసం నీటిరంగుల బొమ్మ ఒకటి ఆ రోజు సాయంత్రంలోగా అక్కడి కాలేజీలో ఇవ్వాలి. అందుకే తెల్లవారేసరికి బోరంచలో మంజీర ఒడ్డున కూర్చున్నాం.

తెల్లరంగు ఆమె ముట్టదు. వెలుగు ఉండాల్సిన చోట కాగితాన్నే వదిలేస్తుంది. లేత నీలం నీళ్లు, అందులో తలకిందులుగా తుమ్మచెట్లు, నడుమ ఏమీ వేయని తెల్లటి చార. అదే పొద్దు. ఏమీ వేయకపోవడంలో నాకూ చాలా అనుభవం ఉంది. అయినా నా కాగితం మీద ఎప్పుడూ పొద్దు పొడవలేదు.

చాయ్ తెస్తానని ఆమె నల్లపోచమ్మ గుడివైపు వెళ్లింది. పక్కన బ్రష్షులు కడిగిన నీళ్ల గ్లాసు. ఈ బొమ్మ వెళ్తే ఆమె వెళ్తుంది. వెళ్లొద్దని చెప్పడానికి నాకు నోరు లేదా? ఉంది. చెయ్యే ముందు కదిలింది. మురికినీళ్లు ఆ తెల్లచార మీదుగా పారాయి. చెయ్యి జారిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు.

"అయ్యో, ఏమైందిరా?"

"గా మేక తన్నిందే."

నల్లపోచమ్మకు మొక్కున్నవాళ్లు తెచ్చిన మేక, మెడలో వేపమండలతో, కొంచెం దూరంలో కట్టేసి ఉంది. సునీత మేకను చూసింది. దాని తాడును చూసింది. ఆ తాడు మా దాకా రాదు.

"దానికి గూడ నేను పోవుడు ఇష్టం లేనట్టుంది," అని చాయ్ నా చేతికిచ్చింది.

ఇంకెవరికి ఇష్టం లేదని అడగాల్సింది. చాయ్ తాగాను. మధ్యాహ్నానికి మేక అమ్మవారికి చేరింది. సాక్షి అదొక్కటే.

ఆమె ఆ కాలేజీకి వెళ్లలేదు. మరుసటేడు బీదర్‌లో ఏదో ఉద్యోగానికి ఎలాగూ వెళ్లిపోయింది. మళ్లీ బొమ్మ వేయలేదని విన్నాను. ఆమె వదిలేసిన బొమ్మ మా గోడ మీదుంది. వచ్చినవాళ్లు ఆ మరక చూసి నీళ్లలో మబ్బు బాగా కుదిరిందంటారు. నేను కాదనను. ఉద్యోగరీత్యా, నకలు అసలుకు సరిపోయిందని సంతకాలు పెడుతుంటాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు పొద్దున్నే బోరంచ వెళ్తాను. ఆ చార నీళ్ల మీద మళ్లీ పడుతుంది. వెనకనుంచి రెండు చాయ్ గ్లాసులతో ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. తిరిగి చూడను.

ఇది రాసినంత మాత్రాన కాగితం తెల్లబడదు. అయినా ఒక్కసారి అననివ్వండి. మేక తన్నలేదు, సునీతా. నేనే ఒంపాను.