రిమోటు దాచిపెట్టమన్న పిన్ని

మా పిన్ని పోయింది. మొన్న గురువారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఒంట్లో ఏదోలా ఉందని మంచం మీద వాలిందట. మళ్ళీ లేవలేదు. నేనప్పుడు ఒంగోలు రోడ్డులో ఒక మేడ మీద ఏసీ బయటి యూనిట్ కడుగుతున్నాను. మా ఆవిడ ఫోను చేసి, "ఏవండీ, పిన్ని ఇక లేదండీ" అంది. నిచ్చెన దిగి ఆ ఇంటివాళ్ళ వాకిట్లోనే కూర్చుని ఏడ్చాను. వాళ్ళూ నాతోపాటు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా పిన్నిని చూసినవాళ్ళు కాదు. అందరూ ఆవిడ గొంతు మాత్రం విన్నవాళ్ళే.

చిలకలూరిపేటలో మాది ఏసీలు బాగుచేసే షాపు. పెట్టింది మా బాబాయి. ఆయన అన్నం తింటూ ఆ రోజు చూసిన ఏసీల సంగతులన్నీ చెబుతుంటే, పిన్ని పెరుగు వడ్డిస్తూ వినేది. వినడమేంటి, మధ్యలో ప్రశ్నలు వేసి ఆయన్ని తిననిచ్చేది కాదు. ఆగిపోయినప్పుడు ఏ కంపెనీ ఏసీలో ఏ కోడు అంకె వస్తే ఏమిటి, ఎర్రదీపం ఎలా కొట్టుకుంటే ఏమిటి, అన్నీ ఆవిడకి నోటికొచ్చు. ఆ సంగతి ఆవిడే నలుగురికీ చెప్పుకునేది. అణకువ అన్న మాట మా పిన్ని దగ్గరికి రావడానికే భయపడేది.

బాబాయి పెదకర్మ అయిన సాయంత్రం చుట్టాలంతా కూర్చుని షాపు మూసేద్దామన్నారు. మా పెదనాన్న అయితే తేల్చేశాడు.

"ఆడమనిషివి, ఏసీల షాపు ఏం నడుపుతావమ్మా? మోకాళ్ళు చూస్తే మెట్లు ఎక్కనియ్యవు. షట్టరు దించేసి కూతురి దగ్గరికెళ్ళి కూర్చో."

పిన్ని నావైపు చెయ్యి చూపించింది. "నిచ్చెన వీడెక్కుతాడు. ఫోను నేనెత్తుతా. మోకాళ్ళతో మాట్లాడతానా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. నాకూ లోపల బెరుకుగానే ఉంది. ఏసీ ఆగిపోయిందని ఫోను చేసినవాడు ఒక పెద్దావిడ మాట నమ్మి ఊరుకుంటాడా అని.

ఇక్కడ మా వైపు మనుషుల గురించి ఒక మాట చెప్పాలి. బయటి యూనిట్ లోంచి వేడిగాలి వస్తుందని తెలిసిన మర్నాడే, దాని ముందు మిరపకాయలు ఆరబోయవచ్చని కూడా మావాళ్ళు కనిపెట్టారు. ఏడాదికి సరిపడా కారం కొట్టించే రోజుల్లో ఏ మేడెక్కినా ఇదే వరస. గాలి ఊరికే పోతుందేమోనని చుట్టూ పట్టా కూడా కడతారు. కాయలు గలగలమని ఆరతాయి. పక్కన యూనిట్ లోపలి కంప్రెసర్ ఉడికిపోతుంది. వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుని, ఇక నావల్ల కాదని అంకె చూపించి ఆగిపోతుంది. దీనికి తోడు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల దూది వచ్చి యూనిట్ వెనక పరుపులా పేరుకుంటుంది.

అందుకే పిన్ని ఫోనెత్తగానే హలో అనేది కాదు. "కోడు తర్వాత చెబుదువుగాని, మేడ మీద ఏం ఆరబోశావు నాన్నా?" అనేది.

"కోడు జబ్బు పేరు కాదురా, మూలుగు. నొప్పెక్కడో మనమే వెతుక్కోవాలి" అని నాతో అనేది. కంప్రెసర్ ప్రొటెక్షన్ అని అర్థమొచ్చే అంకె రాగానే జనం కంప్రెసర్ పోయిందనుకుని గుండెలు బాదుకుంటారు కదా. "పోవడమేంటి మీ మొహం! పోకూడదనే ఆగింది" అని కసిరేది.

షాపు నిలబడుతుందా లేదా అన్నది పేట దగ్గరి పల్లెలో ఒక ఇంట్లో తేలింది. బాబాయి పోయాక మాకొచ్చిన మొదటి పెద్ద చిక్కు అది. ఆ ఇంటి ముసలమ్మకి తుంటి ఆపరేషన్ చేయించి తెచ్చారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, ఏసీ ఆగింది. ఇంకెవరో మెకానిక్ వచ్చి కంప్రెసర్ మార్చాలని చెప్పి వెళ్ళాడు. పిన్ని ఫోనులోనే వద్దని చెప్పి నన్ను పంపింది. ముసలమ్మ కొడుకు నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"ఏంటయ్యా, వచ్చినాయన పోయిందంటాడు, మీ పిన్నిగారు పోలేదంటది. మా అమ్మ ఉడికిపోతంది. ఇది గనక ఆడలేదా, మీ షాపు పేరు ఈ చుట్టుపక్కల ఎవరూ ఎత్తకుండా చేస్తా."

మేడ మీద ఏమైనా ఆరబోశారా అనడిగాను. ఏమీ లేదన్నాడు. లోపల మంచం మీదనుంచి ముసలమ్మ గొంతు ఖంగున మోగింది. "లేకపోవడమేంట్రా, కారానికి కాయలు పోయించాగా! మంచి గాలి వస్తంటే ఊరికే పోనిస్తామా?"

పైకెళ్ళి చూస్తే పట్టా గుడారంలా కట్టి ఉంది. పట్టా విప్పి, కాయలు పక్కకి లాగి, వెనక జాలీలో దిగిన గింజలూ దూదీ అన్నీ కడిగాను. తుమ్ములతో ప్రాణం పోయింది. కిందికొచ్చి ఆన్ చేస్తే మళ్ళీ అదే అంకె. కొడుకు ముఖం ఎర్రబడింది. పిన్నికి ఫోను చేశాను.

"ఏమీ చెయ్యకు. రిమోటు దాచిపెట్టు" అంది.

"దాచిపెట్టి?"

"దాచిపెట్టి కూర్చో. ఇడ్లీ పాత్ర పొయ్యి మీదనుంచి దించగానే పట్టుకుంటామా? మూత తీసి ఆరనిస్తాంగా. ఎవరూ నొక్కకుండా దాన్నీ ఆరనివ్వు. గదిలో స్పీకరు పెట్టి ఫోను ఆ పెద్దావిడ దగ్గర ఉంచు."

రిమోటు నా చొక్కా జేబులో దాచాను. కొడుకు గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పిన్ని మాత్రం ఊళ్ళో పెళ్ళికొచ్చినట్టు కబుర్లు మొదలుపెట్టింది. కారంలో వెల్లుల్లి ముందు వెయ్యాలా కొట్టించాక కలపాలా అన్నదాని మీద ఇద్దరికీ వాదన ముదిరింది. ముసలమ్మ చెమట తుడుచుకోవడం మర్చిపోయి, "నీకేం తెలుసే, నువ్వు పేటలో పుట్టినదానివి" అని గదమాయించింది. పిన్ని తగ్గితేనా! ఆ వాదన తెగకముందే, "ఒరేయ్, ఇప్పుడు నొక్కు" అంది. నొక్కాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మేడ మీద గుడుక్కున శబ్దం వచ్చి కంప్రెసర్ అందుకుంది. ముసలమ్మ కళ్ళు మూసుకుని, "అబ్బ, హాయిగా ఉందే తల్లీ" అంది. కొడుకు నాకు మజ్జిగ తెప్పించాడు. ఆ ఊరంతా ఇక మాదే.

ఆ తర్వాత షాపు మూయమన్నవాళ్ళంతా తమ ఇళ్ళలో ఏసీలు ఆగినప్పుడు పిన్నికే ఫోను చేశారు. ఆవిడ అందరికీ ముందు నాలుగు తిట్లు తిట్టి తర్వాత మందు చెప్పింది. అన్నిసార్లూ ఆవిడ చెప్పిందే నిజమని కాదు. ఒకసారి ఒక టీచరు ఇంట్లో మిరపకాయలు ఎక్కడో ఉన్నాయని మేడా పెరడూ వెతికించింది. చివరికి చూస్తే, యూనిట్ లోపలి కరెంటు బోర్డు మీద బల్లి పడి చచ్చి ఉంది. "మిరపకాయ తినే బల్లి అయ్యుంటుందిలే" అని ఒప్పుకోకుండా నవ్వింది. అన్ని ఇళ్ళకీ చల్లగాలి ఇప్పించిన మనిషి, మా షాపులో మాత్రం విసనకర్రతో కూర్చునేది. ఏసీ గాలికి మోకాళ్ళు పీకుతాయట. మరమరాలు నములుతూ, ఫోను చెవికి ఆనించుకుని, వచ్చేపోయే లారీలని చూస్తూ ఆవిడ నిండుగా బతికింది. కూతురు ఎన్నిసార్లు రమ్మన్నా, "నా ఊరు నా ఫోనులో ఉందే" అనేది.

గురువారం షాపు ముందే షామియానా వేశాం. పిన్ని కూతురు, మా అక్క, బెంగళూరు నుంచి కారులో వస్తోంది, చేరేసరికి సాయంత్రమవుతుంది. అందాకా పిన్నిని ఉంచాలని అద్దాల ఐసుపెట్టె తెప్పించాం. జనం విరగబడ్డారు. తెచ్చిన దండలన్నీ పెట్టె చుట్టూ పేర్చారు. కింద దాన్ని చల్లబరిచే మిషను అందంగా లేదని ఎవరో గుడ్డ కూడా కప్పారు. మిట్టమధ్యాహ్నం అది ఆగిపోయింది. ఎర్రదీపం కొట్టుకుంటోంది. చుట్టాలు స్విచ్చి ఆపడం, వెయ్యడం, మళ్ళీ ఆపడం. పెదనాన్న నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"ఈ ఎండలో ఎట్టారా? పిల్ల వచ్చేలోపు ముఖం మారిపోతే దానికేం చూపిస్తాం?"

ఏదైనా ఆగితే ఆవిడకే ఫోను చెయ్యడం నాకలవాటు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఫోను తీసి, ఆవిడ నంబరు నొక్కబోయి, అలాగే నిలబడిపోయాను.

తర్వాత గుడ్డ లాగేశాను. దండలన్నీ తీసి కుర్చీల మీద వేశాను. "స్విచ్చి ఎవరూ ముట్టుకోకండి. అందరూ వెనక్కి జరగండి, దానికి గాలాడాలి" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. పెదనాన్నే ముందు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. జనమంతా జరిగారు. నేను పెట్టె పక్కన నేల మీద కూర్చుని, మిషను మీద చెయ్యి ఆనించి, అది చల్లారేదాకా ఉన్నాను. అప్పుడు స్విచ్చి వేశాను. అరచేతి కింద గుడుక్కుమని అది అందుకుంది.

జనం మళ్ళీ దగ్గరికి రాలేదు. అక్క కారు దిగేసరికి రోడ్డు నుంచి పెట్టెదాకా దారి ఖాళీగా ఉంది. ఎవరినీ తప్పుకోమనే పని లేకుండా పరుగున వచ్చి, అద్దం మీద చెంప ఆనించి పడుకుంది. అద్దం చల్లగా ఉంది.